వెన్న కన్ను

బార్లీ జావ నడుమ ఒక వెన్నముద్ద
కరుగుతూ నన్నే చూస్తోంది.
మా వైపు దాన్ని వెన్న కన్ను అంటారు.
ఏడేళ్ళు ఆ చూపు తప్పించుకుని
గిన్నె పక్కకి జరిపినవాణ్ణి.
ఇప్పుడు రోజూ పొద్దున ఏడింటికి
ఎదురెదురుగా కూర్చుంటాం,
ముందెవరు రెప్ప వేస్తారో అని.

అసలు కథ తిన్నాక మొదలవుతుంది.

నాలుగు చెంచాలకే పొట్ట డోలులా బిగిసి
క్రిస్మస్ విందంతా ఒక్కణ్ణే మింగినట్టు ఆయాసం.
మేజోడు విప్పితే చీలమండ చుట్టూ
దాని అల్లిక అచ్చుపడి ఉంటుంది.
ముంగాలి ఎముక మీద బొటనవేలు నొక్కుతాను,
గుంట.
అది పూడేదాకా లెక్కపెడతాను.
రై పిండి కూడా ఇంత బద్ధకంగా పొంగదు.

రాత్రుళ్ళు చెమట.
కిటికీ అవతల లాహ్తీ ఊరంతా గడ్డకట్టి ఉంటే
నా పక్క మాత్రం పిండితే కారేట్టుంటుంది.
సౌనాకి ఇంకా వద్దంది నర్సు సిర్క్కా.
ఆవిరిగదే నా పరుపులోకి వచ్చేసింది, ఏం చెయ్యను.

ఎడమ చెవి దిండుకి ఆనిస్తే గుండె.
టక్.
టక్.

టక్.
ఆ మధ్య ఖాళీలో నేను ఎక్కడున్నానో తెలీదు.
నిదానంగా కొట్టుకునేది గొప్ప ఆటగాడి గుండె అనేవాడు మా కోచ్.
మురిసిపోయాను.
కట్టెలు అయిపోవచ్చిన పొయ్యి పొదుపది, ఎవరూ చెప్పలేదు.
ఇప్పుడు ఒక్క అంతస్తు ఎక్కితే చాలు, అదే గుండె
కట్లు తెంచుకున్న గుర్రం.
నెమ్మదికి భయపడాలా పరుగుకి భయపడాలా
రాత్రి రెండింటికి ఫోన్ చేసి అడిగాను.

‘నొప్పా? కళ్ళు తిరిగాయా? స్పృహ తప్పిందా?
లేదు కదా. అందులో ఏ ఒక్కటొచ్చినా అంబులెన్స్‌ని పిలువు, నన్ను కాదు.
తొమ్మిదింటికి రా, రక్తం తీస్తాం, ఈసీజీ చూస్తాం.
కాళ్ళకింద దిండు పెట్టుకో.
అది నీరు, ఏలిస్.
నీ ఒళ్ళు నిన్నింకా నమ్మట్లేదు. దాచుకుంటోంది.’

మా అమ్మమ్మ హిల్యా
కరేలియా నుంచి పశువుల పెట్టెలో వచ్చిందట, చిన్నపిల్లగా.
తొంభయ్యో ఏట కూడా ఏప్రాన్ జేబులో
ఎండిన రొట్టెముక్క ఉండేది.
నవ్వేవాళ్ళం. యుద్ధం ఎప్పుడో అయిపోయింది కదే అంటే
‘ఎవడికి తెలుసు’ అనేది.
నా రెండు చీలమండల్లోనూ ఇప్పుడు
చెరో హిల్యా మూట కట్టుకు కూర్చుంది.
యుద్ధం అయిపోయిందని ఏ మొహంతో చెప్పను,
చేసింది నేనే అయితే.

స్కీ గుట్ట కొసనుంచి దూకినప్పుడు
గాలి నన్ను ఎత్తుకునేది.
ప్రేమ అనుకున్నాను.
గాలి కాగితాన్నీ ఎత్తుకుంటుంది.

ఎముకల ఫోటో చూపించాడు డాక్టర్ రౌతియో.
నా వెన్ను నాకంటే చాలా పెద్దదిట, వయసులో.
తిరిగొస్తుందా అన్నాను.
కళ్ళజోడు తుడుచుకుని, ‘కొంత’ అన్నాడు.
ఆ కొంతని జేబులో వేసుకుని తిరుగుతున్నాను,
ఎండినదే, అయినా రొట్టే.

వీపు మీద మొలిచిన నూగు రాలిపోతోంది.
తల మీది జుట్టు కూడా రాలుతోంది, అదెందుకో.
ఆగుతుందిలే అంటుంది సిర్క్కా, నెలలు పడుతుందిట.
గోళ్ళు మటుకు నీలం వదిలాయి.

నేను పనిచేసేది అద్దె స్కీల కొట్లో.
వచ్చిన ప్రతివాళ్ళనీ పాదం కొలత అడగడమే పని.
ఇవాళ పదకొండు కాకుండానే మళ్ళీ ఆకలి,
తలుపు కొట్టకుండా వచ్చేసే పక్కింటి కుక్కలా.
కౌంటరు వెనక నించుని రొట్టె తిన్నాను.
నా బూట్లు పట్టట్లేదు.
అలమరలోంచి ఒక కొలత పెద్దవి తీసి
పుస్తకంలో నా పేరు రాశాను,
కొలత రాశాను.
తిరిగి ఇచ్చే తేదీ దగ్గర
పెన్ను ఆగింది.
ఎవరో పిల్లాడు గంట కొట్టాడు.